అప్పగింతల వేళ ఇంగ్లీషు పాట

మా వీధి మైకు సెట్టు మావయ్యగారు పోయారని ఫోనొచ్చినప్పుడు నేను కాకినాడలో, కాలేజీలో పాఠం చెబుతున్నాను. మా ఊరు కొత్తపేట చేరేసరికే ఆయన్ని దహనానికి కాలవ గట్టుకి తీసుకెళ్ళిపోయారు. ఆయన అరుగు మీద కూర్చుని ఒక్కటే అనుకున్నాను: పెద్దకర్మ రోజున ఆ పాట వెయ్యాలి. ఏ పనికైనా వెనకా ముందూ ఆడే మనిషిని. ఈ మాట మాత్రం గట్టిగానే అనుకున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు, ఎదురింటాయన. వీధిలో ఆడపిల్లలందరికీ మావయ్యగారే. పెళ్ళికైనా వ్రతానికైనా కొబ్బరిచెట్టుకి కట్టిన ఆయన హారనే మోగేది. మైకు పట్టుకుని అందరిలా హలో హలో అనేవారు కాదు. "ముందు మనిషిని పలకరించాలమ్మా, మైకుని కాదు" అని, "ఏవండీ, అందరి భోజనాలూ అయ్యేయా?" అని అడిగేవారు. చేలో ఉన్నవాళ్ళు "ఆయ్, అయ్యేయండీ!" అని అక్కణ్ణించే కేకేసేవారు. దాంతో మైకు బాగానే ఉందని ఆయనకి తెలిసిపోయేది.

మీలో ఎవరైనా ఒకప్పుడు మా వైపు పెళ్ళికి వచ్చి ఉంటే ఆ పాట వినే ఉంటారు. అప్పగింతల వేళ, పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెడుతుంటే, హారన్లోంచి ఒక ఇంగ్లీషు పాట వచ్చేది. ముందు చర్చిలో వాయించే ఆర్గన్ లాంటిది మెల్లగా. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, కడుపులోంచి తవ్వి తీసినట్టు. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆవిడకి వంత. ఇటొక పాట, అటొక పాట ఉండే చిన్న రికార్డు అది. కాకినాడ రేవులో పాత సామాన్ల మధ్య దొరికిందట. ఆయనకి ఇంగ్లీషు రాదు. వినగానే, కూతుర్ని అత్తారింటికి పంపుతున్న తల్లి ఏడుపే అనుకున్నారు. ఊరంతా అదే అనుకుంది. ఆ ఆర్గన్ మొదలవగానే మా అమ్మమ్మలు కళ్ళకి కొంగులు అద్దుకునేవారు.

యూనివర్సిటీకి వెళ్ళాక ఒక స్నేహితురాలి గదిలో ఆ గొంతు మళ్ళీ విన్నాను. అమెరికాలో నల్లవారి చర్చిల్లోంచి వచ్చిన ఆ ధోరణిని సోల్ అంటారనీ, ఒకప్పుడు ఊరూరా మోగిన పాటనీ అప్పుడు తెలిసింది. మాటలు కూడా అప్పుడే అర్థమయ్యాయి. సెలవలకి రాగానే ఎదురింటికి పరిగెత్తాను.

"మావయ్యగారూ, అది అప్పగింతల పాట కాదండీ. ఆవిడ మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోతోంది. వెనకాల రావద్దంటోంది!"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వేరు. లోపలికి తిరిగి, "విన్నావా? ఊరి ఆడపిల్లలందరికీ ఇన్నాళ్ళూ ఏం నూరిపోస్తున్నానో!" అన్నారు.

"మీకు కావాల్సిందే" అన్నారు అత్తయ్యగారు లోపల్నించి.

"మరి మానేస్తారా?" అన్నాను.

"ఎందుకమ్మా? ఆవిడ ఏడుపు అబద్ధమా? ఇల్లు వదలడం ఇల్లు వదలడమే, ఇటు నించైనా అటు నించైనా. పైగా అంత ఏడుస్తూ కూడా ఆవిడ గొంతు వెనక్కి తియ్యదు, చూసేవా?"

నా పెళ్ళినాటికి కాసెట్లూ సీడీలూ వచ్చేశాయి. అయినా ఆ ఒక్క పాట కోసం రికార్డు ప్లేయరు మోసుకొచ్చేవారు. అప్పగింతలకి ముందు నా పక్కకొచ్చి, "అర్థం తెలిసినదానివి. వెయ్యమంటావా, సన్నాయి పెట్టెయ్యమంటావా?" అని అడిగేరు.

"మీ ఇష్టమండీ."

"నా ఇష్టమేంటి? వెళ్ళేది నువ్వు."

చుట్టూ అందరూ చూస్తున్నారు. "వెయ్యండి" అన్నాను.

"అదీ. ఇంతసేపా చెప్పడానికి!"

ఆ పెళ్ళిలో నా అంతట నేను తేల్చుకున్నది అదొక్కటే అనిపిస్తుంది ఇప్పుడు. తర్వాత ఎక్కడ నోరు విప్పాల్సి వచ్చినా ముందు ఆ ఆర్గన్ వినబడేది. అత్తారింట్లో ఉద్యోగం మానెయ్యమన్న రోజున కూడా.

పాట చివర ఆయనకో నియమం ఉండేది. ఆఖరి మాట పూర్తవుతుండగానే సౌండు తగ్గించేసేవారు. "పిల్ల కారెక్కేక ఆ ఖాళీ రికార్డు గరగర వినబడకూడదమ్మా. ఇల్లు ఖాళీ అయినట్టుంటుంది."

పెద్దకర్మ రోజున పాట సంగతి ఎత్తగానే ఆయన అన్నగారు లేచారు. "కర్మ రోజున మైకేంటమ్మా? ఇదేవన్నా పెళ్ళా? చదువుకున్నదానివి, ఆమాత్రం తెలీదా?"

నా అనుమానాలన్నీ ఒక్కసారి మీదకొచ్చాయి. ఇది ఆయన కోసమా, నా కోసమా? ఆయనైతే ఎన్నడూ అడగలేదే? అయినా, "వెయ్యాలండీ" అన్నాను. గొంతు వణికింది గానీ వెనక్కి తియ్యలేదు.

"నలుగురూ ఏవనుకుంటారు?"

అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న అత్తయ్యగారు తలెత్తారు. "బావగారూ, ఊళ్ళో ఆడపిల్లలందరినీ ఆయన ఆ పాటతోనే సాగనంపేరండి. ఆయన్ని సాగనంపడానికి అడ్డమేంటండి?"

అన్నగారు కండువా దులుపుకుని కూర్చున్నారు.

హారను కొబ్బరిచెట్టుకి కట్టించాం. ప్లేయరు అరుగు మీద పెట్టాను. అత్తయ్యగారు నా పక్కకి జరిగి, "రికార్డు మధ్యలో గీతుందమ్మా. అక్కడ ముల్లు గెంతుతుంది. ముల్లు మీద చిటికెనవేలు ఆన్చి ఉంచు. నొక్కకు" అన్నారు. ఇన్ని పెళ్ళిళ్ళలో ఆ గీత సంగతి మాకెవరికీ తెలియలేదు.

ఆర్గన్ మొదలైంది. గీత దగ్గర వేలు ఆన్చాను. పాట తొణక్కుండా దాటింది. ఆ గొంతు పైకి లేచి కాలవ అవతలి తోటల్లోకి వెళ్ళింది. అవతలి గట్టు మీద సైకిలు మీద పోతున్న ఒకావిడ దిగి, పయిట సర్దుకుని, అలాగే నిలబడిపోయింది. ఏ పెళ్ళి గుర్తొచ్చిందో.

ఆఖరి మాట వస్తుండగా సౌండు తగ్గించబోయాను. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ అమ్మా" అన్నారు.

పాట అయిపోయింది. ఎవరూ లేవలేదు. రికార్డు తిరుగుతూనే ఉంది. హారన్లోంచి ఆ గరగర, ఆయన మాకెన్నడూ విననివ్వనిది, కొబ్బరాకుల మీంచి కాలవ దాటి వెళ్తూనే ఉంది.