కొల్లేటిలో కూర్చున్న వెల్డింగ్ మెషీను

అది 1936. ఏలూరు కాలవగట్టున మా బావకీ నాకూ కలిపి ఒక వెల్డింగ్ షెడ్డు ఉండేది. నేను చేపల గురించి చెప్పేవాటిలో సగం తీసేసుకుని వినాలని మా పేటలో అందరికీ తెలుసు. యంత్రాల దగ్గర మాత్రం అబద్ధమాడను. ఆడితే ఒళ్లు కాలుతుంది.

చూడనివారి కోసం మా మెషీను సంగతి ముందు చెప్పాలి. నీళ్లు నింపిన పెద్ద ఇనపతొట్టి, అందులో బోర్లించిన డ్రమ్ములాంటి డోము. పక్కనున్న డబ్బాలో కార్బైడ్ రాళ్ల మీద నీళ్లు పడితే గ్యాసు పుడుతుంది. అది గొట్టం గుండా డోము కిందికి చేరి దాన్ని పైకి లేపుతుంది. తొట్టిలో నీళ్లు నిలిస్తేనే గ్యాసు బయటికి పోకుండా ఉంటుంది. ఆ గ్యాసూ, సిలిండరులోని ఆక్సిజనూ టార్చి మూతి దగ్గర కలిసి మండితే ఇనుము వెన్నలా కరుగుతుంది.

మా తొట్టికి అడుగు తుప్పు పట్టి అప్పడంలా అయిపోయింది. తారు పూసి నెట్టుకొస్తున్నాను.

"తాడేపల్లిగూడెంలో కొత్త మెషీను దిగిందటోయ్. మనమూ మద్రాసుకి రాసేద్దాం," అన్నాడు బావ.

"తారు పూశాను కదా బావా."

"పూయడమేమిటి, ఇప్పుడక్కడున్నది తారే. ఇనుము ఎప్పుడో వెళ్లిపోయింది."

ఈ తగువు నడుస్తుండగానే కొల్లేటి లంక నుంచి వీరమ్మ వచ్చింది. చేపలు పట్టే కుటుంబం. వాళ్ల లంకకంతటికీ ఉన్నది ఒకే ఒక్క ఇనప పడవ. ఎండావానల్లో గట్టునే పడి ఉండి, తుప్పు తినేసి దాని అడుగు నెర్రె ఇచ్చింది.

"తాటిదోనెలు లేవా?" అన్నాను. తాటిమాను తొలిచి చేసే ఆ దోనెల్లోనే వాళ్లు లోకమంతా తిరుగుతారు.

"ఉన్నాయండీ. వరదలో అలలేస్తే అవి బోర్లా పడతాయండీ. మా ఆయనకి పక్షవాతం కదండీ, ఈదలేడు. పోయినేడు ఇనప పడవలో పడుకోబెట్టి ఒడ్డుకి తెచ్చాం."

"ఇప్పుడే తీసుకొచ్చెయ్యకపోయావా?"

"నీళ్లు గుమ్మమెక్కితేగాని ఇల్లు కదలడండీ. కాలూ చెయ్యీ పడిపోయినా పంతం పడిపోలేదు."

అప్పటికే మబ్బు పట్టింది. తమ్మిలేరూ బుడమేరూ పొంగి కొల్లేట్లోకి దిగాయంటే లంక చుట్టూ సముద్రమే. మద్రాసు మెషీను వచ్చేదాకా వరద ఆగుతుందా? నెర్రె ఇచ్చిన పడవ ఇటు రాలేదు కనక, పాతదాన్నే ఎడ్లబండి ఎక్కించాను. బావ కూడా బయల్దేరాడు, సాయానికి కాదు, మెషీను కడసారి చూపుకి.

ఒడ్డున రెండు దోనెలు జతకట్టి, పైన బల్లలు పరిచి, మెషీనునీ సిలిండరునీ లంకకి చేర్చాం. తీరా తొట్టిలో నీళ్లు పోస్తే, బండి కుదుపులకి తారు పగిలిపోయిందేమో, పోసినవి పోసినట్టే కారిపోయాయి. గుడ్డలు కుక్కాను, బంకమన్ను మెత్తాను. ఆడవాళ్లు బిందెలతో మోస్తూనే ఉన్నారు. తొట్టి నిండదు, డోము లేవదు. తొట్టికే వెల్డింగు పెడదామంటే, మంగలి తన తల తనే గొరుక్కోలేనట్టు, దానికీ ఈ గ్యాసే కావాలి.

"రాయమంటావా మద్రాసుకి?" అన్నాడు బావ.

వీరమ్మ బిందె దించేసి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ మేస్త్రిగారూ, ఇటు రండి," అని రేవుకి తీసుకెళ్లింది. అక్కడ నీళ్లలో ఒక వెదురుబుట్ట సగం మునిగి ఉంది. బేరగాడు వచ్చేదాకా కొరమేనుల్ని ప్రాణంతో ఉంచుకోవడానికి వాళ్లు అలా ముంచి కట్టేస్తారు.

"దీనికెన్ని చిల్లులున్నాయో చూశారా? నీళ్లేమన్నా తగ్గాయాండీ? ఇంత కొల్లేరు పక్కన పెట్టుకుని, కారిపోయే నీళ్లు మా చేత మోయిస్తారేంటండీ!"

బావకి నవ్వొచ్చింది. నాకు బుద్ధొచ్చింది.

తొట్టిని తీసుకెళ్లి నడుంలోతు నీళ్లలో దించాం. నల్ల బురదలో ఒక పక్కకి ఒరిగి కూరుకుపోయింది, డోము ఇరుక్కుంది. బావ మళ్లీ నోరు తెరిచేలోగా లంకవాళ్లు వెదురు గుంజలు పాతి, నీళ్ల అడుగున బల్లలు వేశారు. వాటి మీద తొట్టి తిన్నగా నిలిచింది. ఏ చిల్లులోంచి నీళ్లు కారాయో ఆ చిల్లులోంచే లోపలికొచ్చి అంచుదాకా నిండాయి. కార్బైడ్ వేశాను. డోము బుస్సుమంటూ లేచింది. అంతలోనే దాని మీద వాలిన కొంగ ఒకటి కూడా దాంతో పాటు లేచింది. నమ్మకపోతే మా బావని అడగండి, అబద్ధమని ఆయనే చెబుతాడు. కానీ ఆ రోజు నా మెషీను తొట్టి కొల్లేరంత ఉందన్నది నిజం. సీమలో దొరలకి కూడా అంత తొట్టి ఉండదు.

పడవని దూరంగా గట్టు మీద బోర్లించి, పొడుగాటి రబ్బరు గొట్టంతో నెర్రెంతా అతికాను. కార్బైడ్ కరిగిపోగా డబ్బాలో మిగిలిన సున్నాన్ని కొల్లేట్లో పారబోయబోతే వీరమ్మ గయ్యిమంది. "మా చేపలేం కావాలండీ?" అని, ఆ సున్నమంతా పట్టుకుపోయి ఇంటి గోడలకి వెల్ల వేయించింది.

తరవాత వరద రానే వచ్చింది. అది తగ్గకముందే ఒకరోజు వీరమ్మ మా షెడ్డు ముందు నిలబడింది. పడవ మునిగిందేమోనని టార్చి ఆపేసి బయటికొచ్చాను.

"తెచ్చామండీ ఆయన్ని. మా చెల్లెలింట్లో ఉన్నాడు. అలలు ఎత్తెత్తి కొట్టాయి. ఆయనేమో దారంతా తిడుతూనే ఉన్నాడు."

"పడవలోకి నీళ్లేమన్నా వచ్చాయా?"

"వీపు తడవలేదండీ. తడిస్తే మిమ్మల్ని కూడా తిట్టేవాడే."

బావ ఆ తరవాత మద్రాసు మాట ఎత్తలేదు. షెడ్డులో గొయ్యి తవ్వించి, ఇటుకా సిమెంటుతో తనే దగ్గరుండి తొట్టి కట్టించాడు. పాత డోము అందులో దర్జాగా కూర్చుంది.

అప్పటినుంచి ఏ యంత్రాన్నైనా తెచ్చి "పాడైపోయిందండీ, కొత్తది కొనమంటారా?" అంటే, పాడైంది ఏ భాగమో ముందు చూస్తాను. ఒక్కోసారి కొనమనే చెబుతాను. కానీ మా దాంట్లో పోయింది నీళ్లు పట్టి ఉంచే పని ఒక్కటే. ఆ పనికి మనిషి చేసిన ఇనుమే ఉండాలని కొల్లేరు ఎప్పుడూ అనుకోలేదు.