కోదాడలో మూడు కోతల మెర్లో

ఆరేళ్ల కిందట హైదరాబాదులో ఒక హోటల్‌కి వైన్లు ఎంపిక చేసే ఉద్యోగం నాది. నాసిక్ దగ్గరి ఒక చిన్న తోట పంపిన 2019 కోత మెర్లో అనే ఎర్ర వైన్‌ని ఒక్క గుక్కలో తేల్చేశాను. "పులుపు ఎక్కువ, పచ్చి వాసన, వద్దు" అని రాసి సంతకం పెట్టాను. అలాంటి కాగితాలు బోలెడు రాసేదాన్ని కాబట్టి దాన్నీ మర్చిపోయాను. పోయిన నెల సైదులు అనే ఆయన ఫోన్ చేశారు. ఆ తోటలో పదేళ్లు పనిచేశారట. 2019లో రాళ్లవాన పడుతుందన్న భయంతో ద్రాక్షను పది రోజులు ముందే కోయించింది ఆయనే. రాళ్లవాన పడలేదు. వైన్ పుల్లగా ఉందని ఎవరూ కొనలేదు, ఆయన ఉద్యోగం పోయింది. సొంతూరు కోదాడ వచ్చేసి, ఇప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లులో ధాన్యం తేమ చూసే పని చేస్తున్నారు. "మూడేండ్ల కోతలయి సీసాలు దాసిన మేడం. మీరొచ్చి రుచి సూసి, నాది తప్పో కాదో చెప్పుండ్రి" అన్నారు. ఆ కాగితం రాసింది నేనేనని ఆయనకు తెలిసినట్టు లేదు. నేనూ చెప్పలేదు. వస్తానని మాత్రం అన్నాను.

ఎల్బీనగర్‌లో ఉదయం ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కి తొమ్మిదిన్నరకు సూర్యాపేటలో దిగాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. అక్కడ ఇడ్లీ తిని కోదాడ బస్సెక్కాను, ఇంకో గంట. ఒళ్లో తువ్వాళ్లు చుట్టిన గాజు గ్లాసుల సంచి చూసి కండక్టర్ ఆగాడు.

"ఏందమ్మా గది, గంత పదిలంగ పట్టుకున్నవ్?"

"గ్లాసులన్నా. కోదాడలో వైన్ రుచి చూడాలి."

"దానికి కోదాడ దాకెందుకు? సూర్యాపేటల వైన్స్ లేవా?"

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. కోదాడ బస్టాండు నుంచి వాళ్లింటికి ఆటో అతను అరవై రూపాయలు అడిగాడు, ఇచ్చేశాను.

సైదులు గారి భార్య రేణుక గారు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. గది మూలన చెక్కపెట్టె, దాని నిండా మిల్లు నుంచి తెచ్చిన ఊక, ఆ ఊకలో అడ్డంగా పడుకోబెట్టిన సీసాలు. పైన తడి గోనెపట్టా. ఎండ తగలకుండా ఇంతకంటే మంచి ఏర్పాటు కోదాడలో మరొకటి ఉంటుందనుకోను. "ఇన్నేండ్ల సంది ఈ పెట్టె జోలికి నన్ను రానియ్యలే. ఇయ్యాల తీసిండు" అన్నారామె.

మూడూ మెర్లో ద్రాక్ష ఎక్కువగా, కాస్త కాబెర్నే ద్రాక్ష కలిపి చేసినవే. 2017ది గ్లాసు అంచుల్లో ఇటుక రంగుకు తిరిగింది. ఎండుద్రాక్ష వాసన తప్ప నోట్లో ఏమీ మిగల్లేదు. 2018లో నేరేడుపండు ఇంకా ఉంది కానీ మింగగానే మాయమైంది. రెండూ బాగా పండిన కాయలతో చేసినవి, తమ కాలంలో బాగా అమ్ముడుపోయినవి. నోట్లో ఆ రుచి పోవడానికి మరమరాలు నమిలాను. 2019 సీసా మూత సైదులు గారే తీశారు.

"జాలిపడి చెప్పొద్దు మేడం. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

రంగు ఇంకా ముదురుగానే ఉంది. నేను పచ్చి వాసన అని కొట్టిపారేసింది ఇప్పుడు ఎండిన పొగాకు ఆకులా మారింది. వగరు మెత్తబడింది. పులుపు ఉంది, అదే నేరేడు రుచిని చివరిదాకా మోస్తోంది. రెండో గుక్క తీసుకుని చెప్పాను.

"ఆ రోజుల్లో ఇది పుల్లనే సైదులు గారూ, అది అబద్ధం కాదు. కానీ ఆ పులుపే దీన్ని ఇన్నేళ్లు బతికించింది. మూడింటిలో నిలబడింది ఇదొక్కటే."

ఆయన గ్లాసెత్తి తాగారు.

"ఎట్లుంది?" అన్నారు రేణుక గారు.

"మంచిగుందే" అన్నారాయన, ఇంకో గుక్క తాగి.

భోంచేశాక హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాం, ఆయన మిల్లుకు, నేను సాయంత్రం రైలుకు. గంటన్నర ప్రయాణం. సగం దారిలో ఇక ఉండబట్టలేక చెప్పేశాను, ఆ కాగితం రాసింది నేనేనని.

"ఎరికే మేడం. తోటకొచ్చిన కాయితం కింద మీ సంతకం సూసిన. వేరేటోళ్లు మంచిగుందంటే నాకేం ఫాయిదా? అందుకే మిమ్మల్నే పిలిసిన" అన్నారు.

నోటుబుక్కులోంచి కాగితం చింపి, ఊగే బస్సులోనే ఆ వైన్ గురించి మళ్లీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మిల్లు దగ్గర దిగిపోయారు.

నా మొదటి మాట తప్పు కాదు, కానీ ఆ ఒక్క రోజుకే చెల్లే మాట. దాన్ని ఎప్పటికీ చెల్లేలా రాశాను, అవతల ఒక మనిషి బతుకు దాని మీద ఆధారపడి ఉందని ఆలోచించలేదు. మీరూ ఇలా వేర్వేరు ఏళ్ల సీసాలు రుచి చూడాలనుకుంటే చలికాలంలో, పొద్దున పూట పెట్టుకోండి. తోచింది రాసుకోండి, కింద తేదీ కూడా వెయ్యండి. నేను మొదటిసారి వెయ్యలేదు.