తూము మీద కేక

మా మేనమామ పోయారన్న కబురు కాలువ మీద పడవవాళ్ళు తెచ్చారు. అప్పుడు నేను చేలో కలుపు తీయిస్తున్నాను. ఏడుపు వెంటనే రాలేదు, కోపం వచ్చింది. మా ఎగువ చేను ఆసామి ఇంకా దుక్కలా తిరుగుతుంటే పోవాల్సింది ఈయనా అనుకున్నాను. పోయినవారిని తలుచుకుంటూ ఇలాంటి మాట రాయకూడదంటారేమో. మావయ్య ఉంటే మాత్రం రాయమనేవారు.

ఆయన ఉయ్యూరు దిగువన కాలువ లస్కరు. తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ, వంతుల ప్రకారం చేలకు నీళ్ళు వదలడం ఆయన పని. తలుపు తిప్పే ఇనప పిడి భుజాన వేసుకుని గట్టు వెంట నడిచేవారు. దించే ముందు తన పేరు చెప్పి, "నేను దించుతున్నానహో!" అని కేక వేసేవారు. అలా వేయమని ఏ అధికారీ చెప్పలేదు. పశువులు కాసేవాళ్ళు అదే కేకతో ఆయన్ని వెక్కిరించేవాళ్ళు. ఎందుకా కేక అని నేనడిగితే, "నీళ్ళు తగ్గినోడు నన్ను తిట్టాలమ్మాయ్. దేవుణ్ణి తిడితే ఆయనేం చేస్తాడు పాపం? పిడి నా చేతిలో ఉందిగా" అన్నారు. ఒకసారి వంతు పొరబడి నాలుగు చేలకు నీళ్ళు ఆపేశారు. ఆ నాలుగిళ్ళకూ వెళ్ళి తప్పు నాదేనని చెప్పొచ్చారు. ముగ్గురు తిట్టారు, నాలుగో ఇంట్లో మజ్జిగ ఇచ్చారు.

యుద్ధం రోజుల్లో, భర్త పోయి ఇద్దరు పిల్లలతో నేను వ్యవసాయం మొదలుపెట్టిన ఏడే నా నారుమడి నిలువునా ఎండిపోయింది. మావయ్య వచ్చి నా తూములో చెయ్యి పెడితే బురద కూరిన గోనె బయటపడింది. ఎగువ ఆసామి దాన్ని కుక్కుతుంటే చూసినవాళ్ళున్నారు. పెద్దమనుషుల ముందు ఆసామి కాదనలేదు.

"ఆ పూట నాకు బుద్ధి అలా పుట్టింది. పుట్టించేవాడు పైనున్నాడు. ఈ ఏడు నీ రాతలో పంట లేదమ్మా, మనమెవరం?" అన్నాడు.

పెద్దమనుషులు తలలూపారు. ఆ ఊపడం నేను చచ్చినా మరిచిపోను. వచ్చే వంతుకల్లా మరో ముగ్గురు రైతులు తమ పక్కవాళ్ళ తూములు మూశారు. అడిగితే అందరిదీ ఒకటే పాట, రాత. "రాతన్నాక ఇంకేం, దొంగకి తాళంచెవి ఇచ్చినట్టే" అని మావయ్య ఒక్కరే అన్నారు.

ఆ ఏడు నా పిల్లలు గంజి తాగారు. చెరపకురా చెడేవు అంటారు గానీ ఆసామి ఏమీ చెడలేదు. ఆయన చేను విరగపండింది. కోసిన పనలు చేలోనే ఆరుతున్నాయి. కోతవాళ్ళు అన్నాలకు వెళ్ళిన మధ్యాహ్నం నేను మావయ్య దగ్గరికి పరుగెత్తాను.

"ఆ పిడి ఇలా ఇవ్వు మావయ్యా. వాడి పనలు నీళ్ళలో తేలాలి."

ఆయన మారుమాట్లాడకుండా వచ్చి, పిడిని ఆసామి తూముకు తగిలించారు.

"తిప్పు. నా ఉద్యోగం పోతే పోద్ది. కానీ నీ పేరు చెప్పి, కేకేసి తిప్పు."

"వాడు కేకేశాడా?"

"వెయ్యలేదు. అందుకేగా నీకింత మంట."

పిడి రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచాను. నా పేరు గొంతు దాటలేదు. రాత మీదికి నెట్టే దారి మూసుకుపోయేసరికి ఆ పని పూర్తిగా నాదైపోయింది. అంతటి పని నేను చేయలేకపోయాను. పిడి వదిలేశాను. మావయ్య మెచ్చుకోలేదు. "వదిలింది కూడా నువ్వేనమ్మాయ్, గుర్తుంచుకో" అని పిడి భుజానికెత్తుకున్నారు.

చేతికందిన పగ లాక్కున్నారని ఆయన మీద కూడా చాలాకాలం మండిపడ్డాను. ఇప్పుడు ఆయనకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. పగ చల్లారిందని మాత్రం మీకు అబద్ధం చెప్పను.

మావయ్య పెద్దకర్మ నాడు ఆసామి భోజనాల బంతిలో కూర్చున్నాడు. అన్నం వడ్డిస్తున్నది నేనే. "మన చేతుల్లో ఏముందండీ? యుద్ధం రోజుల్లో నా పంట ఇల్లు చేరిందంటే ఆ పైవాడి దయ కాదూ?" అంటున్నాడు పక్కాయనతో.

నా చెయ్యి ఆగిపోయింది. గట్టు మీద మావయ్యలాగే ముందు నా పేరు చెప్పి, బంతి మొత్తానికీ వినపడేలా కేక వేశాను.

"ఆ పంట పైవాడు దక్కించలేదండీ. మీ తూము మీద పిడి పట్టుకున్నది నేను. వదిలేసింది నేను. నా నారు ఎండగట్టింది మీరు. తినండి."

ఆయన విస్తట్లో నిండుగా అన్నం వడ్డించి పక్కకు జరిగాను. బంతి లేచేదాకా ఆయన చెయ్యి ఆ అన్నం మీదే ఉంది, కలపలేదు. కొత్త లస్కరు ఇంకా తీసుకెళ్ళని పిడి ఎదురుగా గోడకు ఆనించి ఉంటే, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.