రెండు నీళ్ల మధ్య శేషమ్మ

పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో ఒక రేకుపెట్టె, ఒక గొడుగు పట్టుకొని కాలవగట్టు మీది ఆరోగ్య కేంద్రంలో దిగేనాటికి, తాను ఏం కావాలనుకుంటోందో వెంకటశేషమ్మకి బాగా తెలుసు. కాన్పులు చేసే నర్సుగా శిక్షణ పూర్తి కావస్తోంది. చివరి మూడు నెలలు పల్లెల్లో పని నేర్చుకోమని పంపించారు. అది కాగానే నెల్లూరు పెద్దాసుపత్రి, అక్కడ ఆపరేషన్ గది, తలమీద గంజి పెట్టిన తెల్లటోపీ. రాత్రుళ్లు కళ్లు మూసుకుంటే ఆ గదిలో దీపం కూడా కనిపించేది.

కేంద్రంలో పెద్దదిక్కు హెల్త్ విజిటర్ పుష్పకుమారిగారు. వచ్చిన రోజే కూర్చోబెట్టి అడిగింది.

"ఈ మూడు నెలల్లో ఏం నేర్చుకుందామనుకుంటున్నావమ్మా?"

"ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సు కావాలనుందండీ."

"అది ఎప్పటికో అయ్యేది. నేనడిగింది ఇప్పటి సంగతి. మనకి థియేటరు లేదు. ఉన్నది ఒక్క బల్ల, దానికీ ఒక కాలు కింద ఇటుక పెట్టాం."

మూడు నెలల తర్వాత ఏమిటో చెప్పగలిగిన శేషమ్మ, రేపు ఏమిటో చెప్పలేకపోయింది.

ఆ రాత్రి ఆమె ఆలోచనలు కావలికి పోయాయి. అక్కడ అమ్మ దగ్గర పద్నాలుగు నెలల కొడుకు నిద్రపోతుంటాడు. కసుమూరు దర్గాకి మొక్కుకుంటే పుట్టాడని హజరత్తయ్య అని పేరు పెట్టారు. వాడికి నిద్రలో పెదవులు కదుపుతూ ఉండే అలవాటు. అవి కదలకుండా ఉంటే ఆమెకి భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. మొగుడు రంగనాయకులు, రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తా, నవ్వేవాడు. "వాణ్ణి బతకనియ్యవే. నువ్విట్లా నిద్ర లేపడంవల్లే వాడికి జబ్బు చేసేట్టుంది," అనేవాడు. ఇప్పుడు వేలు పెట్టి చూసే వీలు కూడా లేదు. మధ్యలో ఇసుక, సరుగుడు తోటలు, బస్సు, ఇంకా బోలెడంత చీకటి.

కాలవకి అవతల, సముద్రానికి ఇవతల పట్టపుపాలెం ఉంది. వేటకి పోయేవాళ్ల ఇళ్లు. వారానికి రెండుసార్లు పడవలో కాలవ దాటి అక్కడి చూలాళ్లని చూసి రావడం శేషమ్మ పని. చేతిసంచిలో చెక్కగొట్టం ఒకటి ఉండేది. జానెడు పొడుగు, ఒక కొస బూరలా విచ్చుకొని ఉంటుంది, రెండో కొస చెవికి ఆనే బిళ్ల. విచ్చుకున్న కొస కడుపు మీద పెట్టి వింటే లోపలి బిడ్డ గుండె వినపడాలి. దిండు కింద పెట్టిన గడియారంలాగా ఉంటుందని పాఠంలో చెప్పారు. శిక్షణలో టీచరమ్మ వినిపించినప్పుడు అందరూ తలూపారు. శేషమ్మ కూడా ఊపింది. ఆమెకి వినపడింది హోరు మాత్రమే.

మొదటిసారి పాలెం పోయినప్పుడు పేరమ్మ ఎదురొచ్చింది. కోడలు అంకాలమ్మకి ఎనిమిదో నెల.

"ఏందమ్మే, నా కోడలి కడుపు మీద బూర పెట్టి ఊదుతావా?"

"ఊదేది కాదవ్వా. వినేది."

"అట్లయితే ముందు నేను వింటా. నా మనవడు నాకు చెప్పకుండా నీతో ముందు మాట్లాడతాడా?"

చెవి ఆనించి చాలాసేపు విన్నది పేరమ్మ. "లోపల సముద్రం ఉండాది," అంది. చుట్టూ చేరిన ఆడవాళ్లకి సంబరమైంది. ఒకామెకి ఎడ్లబండి పోతున్నట్టు వినపడింది. ఇంకొకామె కుండ ఉడుకుతున్నట్టుందంది.

"అది నా ఆకలి అక్కా," అంది అంకాలమ్మ. "మీ వినడం అయిపోతే నేను రెండు ముద్దలు తిని వస్తా."

అందరూ అయ్యాక శేషమ్మ విన్నది. ఆమెకీ సముద్రమే. "మా మేడమ్‌గారు వచ్చి చూస్తారు," అని లేచింది. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అదే మాట. పుష్పకుమారిగారు వచ్చేది, వంగేది, ఇట్టే తలెత్తి "ఉంది" అనేది. ఆ ఒక్క మాటకి ఇల్లంతా తేలికపడేది. ఆమె ముఖంలో మాత్రం, ఎవరో తెలిసినవాళ్లు గుమ్మంలో కనిపించినట్టు, ఒక చిన్న వెలుగు వచ్చి పోయేది.

ఒక మధ్యాహ్నం తిరిగి వస్తూ పడవలో శేషమ్మకి కునుకు పట్టింది. బూర పడవ చెక్కకి ఆనించి, దాని మీద చెవి పెట్టి ఒరిగింది. కాలవ నీళ్లు చెక్కని తట్టే చప్పుడు దగ్గరగా వచ్చి, ఆగి, మళ్లీ వచ్చింది. ఆ చప్పుడులో కొడుకు ఊపిరి, సరుగుడు తోపుల గాలి, చూడని బిడ్డలెవరో నీళ్లలో పొర్లడం అన్నీ కలిసిపోయాయి. పడవ గట్టుకి తగిలి మెలకువ వచ్చేసరికి మనసులో ఆపరేషన్ గది లేదు. సాయంత్రం పుష్పకుమారిగారి దగ్గరికి పోయి, "బిడ్డ గుండె నాకు నేనుగా వినాలి మేడమ్. ఈ మూడు నెలలకి అది చాలు," అంది.

"చాలా పెద్దది కోరుకున్నావు," అంది ఆమె. నవ్వలేదు.

అంకాలమ్మకి తొమ్మిదో నెల నిండుతుండగా ఒక ఉదయం కాలవ అవతలి గట్టు నుంచి కేక వినిపించింది. పేరమ్మ. పుష్పకుమారిగారు మందుల కోసం కావలి పోయింది, సాయంత్రానికి గానీ రాదు. శేషమ్మ ఒక్కతే దాటింది.

అంకాలమ్మ గోడకి ఆనుకొని కూర్చుని ఉంది. ఇవాళ ఆమె నోట జోకు లేదు. "నిన్న పొద్దుగూకినప్పటినుంచి బిడ్డ కదల్లేదక్కా," అంది. మొగుడు పోలేరయ్య తెల్లవారుజామునే తెప్ప మీద వేటకి పోయాడు.

"లే. కాలవ దాటిపోదాం. అక్కడ బండి కట్టించి కావలి ఆసుపత్రికి తీసుకుపోతా."

"అట్ల కుదరదమ్మే," అంది పేరమ్మ. "వాడు సముద్రం మీద ఉండాడు. వాడు ఒడ్డెక్కిందాకా ఇది కాలవ దాటకూడదు. ఒక ఇంటి ప్రాణాలు రెండు నీళ్ల మీద ఉండకూడదు. మా అత్త నాటినుంచీ ఉండే కట్టడి."

"బిడ్డకి ఏమన్నా అయితే అవ్వా?"

"ఆ మాట చెప్పేదానికే కదా నిన్ను పిలిచింది." ముసలామె గొంతు పెంచలేదు. "బిడ్డకి బాగలేదని చెప్పు. నేనే దీన్ని ఎత్తుకొని దాటిస్తా. నా కొడుక్కి ఏదైతే అది కానీ. బాగుండాడంటే వాడొచ్చిందాకా ఆగుతాం. నువ్వు చెప్పు."

మేడమ్‌గారు వచ్చి చూస్తారు అనడానికి మేడమ్ లేదు. ఊరికే బాగలేదనేస్తే సరిపోదా అనిపించింది. అందరూ దాటేస్తారు, పెద్ద డాక్టరు చూసుకుంటాడు. కాని పేరమ్మ అప్పుడే చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని సిద్ధంగా నిలబడింది. కళ్లు సముద్రంవైపు ఉన్నాయి. ఆ ముఖం చూశాక ఊరికే అనే మాట నోట రాలేదు.

అంకాలమ్మని పడుకోబెట్టి బూర పెట్టింది. హోరు. అది తన నెత్తురే అనుకుంది. పరిగెత్తినవాళ్ల చెవుల్లో అట్లాగే మోగుతుంది. ఊపిరి నిదానించేదాకా ఆగి మళ్లీ విన్నది. ఈసారి హోరు వెనక ఏదో కొట్టుకుంటోంది. నిదానంగా, స్పష్టంగా. శేషమ్మ ప్రాణం లేచొచ్చింది. "ఉంది" అనబోయి, అనుమానం వచ్చి అంకాలమ్మ మణికట్టు పట్టుకుంది. మణికట్టు దగ్గర నాడి కొట్టినప్పుడల్లా చెవిలోనూ కొడుతోంది. ఒక్క దెబ్బ తేడా లేదు.

"వినపడిందా?" అంది పేరమ్మ.

"ఇది తల్లిది. బిడ్డది ఇంకా దొరకలా. ఉండవ్వా."

కడుపంతా చేత్తో తడిమింది. కుడివైపు చిన్నచిన్న ఎగుడుదిగుళ్లు, అవి కాళ్లూ చేతులూ. అయితే వీపు ఎడమవైపు. బొడ్డుకి కిందుగా, ఎడమ పక్క బూర పెట్టింది. బిడ్డ అటూ ఇటూ జరక్కుండా కుడిచేత్తో అవతలిపక్క అదిమింది. ఎడమచెయ్యి తల్లి మణికట్టు మీదే ఉంది. బూర పట్టుకోవడానికి ఇక చెయ్యి లేదు. చెవితోనే దాన్ని అదిమి ఉంచింది.

హోరు పోయింది.

ఇన్నాళ్లూ తన వేళ్ల వణుకే చెక్కలోంచి చెవికి ఎక్కుతూ వచ్చింది కాబోలు. ఇప్పుడు చెక్క ఒక్కటే ఉంది, దాని అవతల ఒక లోతు. ఆ లోతులో, తల్లి నాడి ఒకసారి కొట్టే లోపల రెండుసార్లు, చిన్న చప్పుడు. పట్టీలు పెట్టుకున్న పాప దూరంగా ఎక్కడో పరిగెత్తుతున్నట్టు. తడబాటు లేదు. ఆగి ఆయాసపడటం లేదు. ఎవరు తన కోసం చూస్తున్నారో తెలియకుండా, తన దారిన తాను పరిగెత్తుతోంది. శేషమ్మ ఆ గుడిసెని, వేడిని, మనుషుల్ని అందర్నీ మరిచిపోయింది. ఎంతసేపైనా అట్లాగే ఉండిపోవచ్చనిపించింది.

"ఏమ్మే, నిద్రపోయినావా?" అంది పేరమ్మ.

"ఉంది," అంది శేషమ్మ. "బాగుంది. నేను ఇక్కడే ఉంటా. ఆగుదాం."

పేరమ్మ కుచ్చిళ్లు కిందికి వదిలి, ఉన్నచోటే కూలబడింది.

అంకాలమ్మకి బెల్లం నీళ్లు తాగించి ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకోమంది శేషమ్మ. నీడ గుమ్మం దాటి జరిగేకొద్దీ మళ్లీ మళ్లీ విన్నది. ప్రతిసారీ పెట్టేముందు అదే భయం, విన్నాక అదే నెమ్మది. ఎండ కాస్త వాలాక అంకాలమ్మ ఉలిక్కిపడి, "తన్నింది పాపిష్ఠిది," అని ఏడ్చింది. ఆడపిల్లని ఎట్లా తెలుసని అత్త అడిగితే, మగాడైతే ఇంత సతాయించడు అంది. అప్పటికీ శేషమ్మ బూర సంచిలో పెట్టలేదు.

తెప్పలు వచ్చాయి. పోలేరయ్య తడిబట్టలతోనే పెళ్లాన్ని పడవ దాకా ఎత్తుకొచ్చాడు. కాలవ మధ్యలో అంకాలమ్మకి నొప్పులు మొదలయ్యాయి.

ఇవతలి గట్టున పుష్పకుమారిగారు అప్పుడే బండి దిగింది. శేషమ్మ జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పింది. ఆమె బూర అందుకొని, అంకాలమ్మని కేంద్రంలో బల్ల మీద పడుకోబెట్టి, వినడానికి వంగింది. పేరమ్మ, పోలేరయ్య ఆమె ముఖంకేసి చూస్తున్నారు. తలెత్తి "ఉంది" అని, శేషమ్మతో ఇంకేదో చెబుదామని చూస్తే ఆ పిల్ల అక్కడ లేదు. పెరట్లో పొయ్యి రాజేసి, కాన్పుకి కావలసిన నీళ్లు పొయ్యిమీద పెడుతోంది.