సోంబరు నుదుటి మీద పేడసుక్క

ముంచింగిపుట్టు సంతలోకి ఓ రోజు చిరుతపులి వొచ్చి కూకుందట. మేకల్ని ముట్టుకోనేదట. మనుషుల్ని సూడనేదట. ముందరి కాళ్ళ మీద గెడ్డం పెట్టుకోని, సోంబరు సెప్పే కత వింటా ఉండిపోయిందట. ఆ వారానికి కత ఆపీసేక, ఉసూరుమని లేచి కొండెక్కీసిందట. ఇది కళ్ళారా సూసినోడు ఇంతవరకూ ఒక్కడూ దొరకనేదు. పెదబయలోళ్ళనడిగితే ముంచింగిపుట్టోళ్ళు సూసేరంటారు. ముంచింగిపుట్టోళ్ళనడిగితే పాడేరోళ్ళు సెప్పేరంటారు. పాడేరోళ్ళేమో ఆ పులినే అడగమంటారు.

ఈ సోంబరు పెదబయలు పక్కన పారే గెడ్డకి అవతలున్న ఓ కొండూరికి బారికోడు. ఆ కొండూళ్ళకి పెద్దయిన ముఠాదారు మాటని డోలు కొట్టి ఊరూరా చాటడం ఆడి పని. మనిషి సూత్తే మూరెడు. గొంతు మాత్రం, ఈ కొండ మీద దగ్గితే ఆ కొండ మీద పశువులు మేత మానీసి తలెత్తేవి.

కోడిపందెం కాడ ఆడి కళ్ళు మరీ ఘోరం. రెండు పుంజులు గాల్లో కలిసి ఇడిపోయేలోపు మనకి రెప్ప పడిపోద్ది. ఆడు మాత్రం ఏ పుంజు ఏ కాలు ముందెత్తింది, ఎక్కడి ఈక ఊడింది, ఊడిన ఈక ఎటు తిరిగి కిందపడింది, అన్నీ సెప్పీసేవోడు. సంతకి రాలేని ముసలోళ్ళు సాయంత్రం ఆడి నోటెంట పందెం ఇని, మర్నాడు తామే ముందు వరసలో కూకున్నట్టు సెప్పుకునేవోరు. పందెంలో తగువొస్తే, గొంతులు లేవకముందే ఎవుడో ఒకడు "సోంబరునడగండి" అనేవోడు. ఆడు సెప్పిందే ఆఖరు. సొంత బావ బుధు పుంజు ఓడినప్పుడు కూడా ఓడిందనే సెప్పేడు. ఆ దెబ్బకి బావ రెండు నెల్లు ఆడితో పలకనేదు.

ఆడి పెళ్ళాం రత్న కూడా ఊరంతా అదే సెప్పుకునేది. "మా మావ దుక్కి తిన్నగా దున్నడు. ఇంటికప్పు బేగి ఎయ్యడు. అబద్ధం మాత్రం ఆడడు." సోంబరుకున్న ఆస్తంతా ఆ ఒక్క మాటే.

కొండ కిందనుంచి ఎడ్ల మీద ఉప్పూ ఎండుచేపలూ తెచ్చి సంతలో అమ్మే తాతారావనే సావుకారొకడుండేవోడు. నాలుగచ్చరాలొచ్చినోడు. ఓ రోజు సోంబరు సెప్పే పందేనికి నోరెల్లబెట్టి, పొట్లాల కాయితం మీద మొత్తం రాసుకోని, విశాపట్నంలో వారం వారం అచ్చేసే పత్రికోళ్ళకిచ్చేడు. ఆళ్ళు ఏసీసేరు. ఆ పుంజులు సచ్చి, కూరయ్యి, అరిగిపోయిన నెల్లాళ్ళకి, పట్నంలో పెద్ద పెద్ద వకీళ్ళు ఆటి కోసం అన్నాలు మానీసి ఏడిచేరట. రెండేళ్ళు ఒక్క వారం తప్పనేదు. ఆ పత్రికే మళ్ళీ ఎండుచేపల పొట్లమై కొండెక్కి వొచ్చేది. సోంబరుకి అచ్చరం ముక్క రాదు. అయినా తన పేరున్న కాయితాలన్నీ చేపల కంపుతోనే ఎదురుబొంగులో దాచుకున్నాడు.

అలగ సాగిపోతన్న కాలంలో, పంతొమ్మిదొందల ఇరవయ్యారో సమచ్చరం చైత్రం వొచ్చింది.

చైత్రంలో ఇటికల పండక్కి మగోళ్ళందరూ విల్లంబులట్టుకోని అడివికి ఏటకెల్లాల. ఏదో ఒకటి కొట్టుకొస్తే ఆడోళ్ళు ఎదురొచ్చి కాళ్ళు కడిగి, ఆడతా పాడతా ఊళ్ళోకి తీసుకెల్తారు. ఉత్తి చేతుల్తో వొస్తే ఊరి మొగదల్లో పేడనీళ్ళ కుండలతో నిలబడతారు. ముఠాదారైనా సరే, తల తడవాల్సిందే. అలగ తడిసినోణ్ని వరసైన ఆడోళ్ళు మళ్ళీ చైత్రం దాకా ఏడిపిస్తానే ఉంటారు.

అంతకుముందేడు ఉత్తి చేతులే. ఈయేడు మూడ్రోజులు తిరిగినా కుందేలు తోక కూడా కనపడనేదు. ఇరవై మంది మగోళ్ళు గెడ్డ ఇవతల, ఓ పెద్ద బండ ఎనకాల నక్కి కూకున్నారు. అవతలి ఒడ్డున ఆడోళ్ళు. అందరికన్నా ముందు, అందరికన్నా పెద్ద కుండతో రత్న.

"బావా," అన్నాడు బుధు, "బండెక్కి ఏట సెప్పు."

"ఏ ఏట?"

"మనం ఆడని ఏట."

"సూడంది నాను సెప్పను."

"నా పుంజు ఓడితే ఓడిందన్నావు, ఊరుకున్నాను. ఒక్క పందిని పుట్టిస్తే నీ నాలిక ఊడి పడిపోద్దేటి?"

"పడిపోద్ది బావా. ఇయ్యాల అబద్ధమాడితే రేపు పందెం కాడ నా మాట ఎవుడింటాడు? రత్న ఇంటాదా?"

"ఆ కుండ సూసేవా? అందులో మన ఎడ్ల పేడే కాదు, పక్కూరెడ్లది కూడా ఉంది."

సోంబరు తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న ఏపు ముసలి ముఠాదారు కూకోనున్నాడు, తువ్వాలు నెత్తి మీదేసుకోని, వొణుకుతా. కిందటేడు తడిసినప్పుడు ఆయనకి జొరమొచ్చి నెల్లాళ్ళు లేవనేదు. సోంబరు ఆయన్ని సూసేడు. కుండని సూసేడు. లేచి బండెక్కేడు.

"ఒక పంది," అన్నాడు. "ముందు పంది కనపడనేదు. అడివి ఊగింది."

అంతే. ఆ మాటతో ఆడికేటి పూనిందో తెలీదు. పంది నడుస్తంటే ఎదుళ్ళు పక్కకి తప్పుకున్నాయన్నాడు. దాని కోరల మీద రెండు కొంగలు గూడు కట్టుకున్నాయన్నాడు. బుధు ఏసిన బాణం ఏడు చెట్లు తప్పించుకోని ఎలగెల్లిందో సెప్తంటే, బండ ఎనకున్న బుధే పక్కోణ్ని గిల్లి, "ఆ బుధెవుడో గానీ మొనగాడురా" అన్నాడట.

ఒక్కో ఆడమనిషీ కుండ కిందెట్టీసింది. ఎండెక్కింది, పేడనీళ్ళు ఎండి కుండల్లోనే పిడకలైపోనాయి. అవతలి కొండ మీద దున్నుతన్నోళ్ళు ఆగిపోనారు. ఆళ్ళ బారికోడు ఇక్కడి మాటని అందుకోని ఎనకూరికి కేకేసేడు, ఆ ఊరోడు ఆ ఎనకూరికి. మజ్జానానికి కత పెదబయలు దాటీసింది, సూరీడు వాలేలోపు పాడేరు సేరిపోయింది. ఇక్కడ పందంత ఉన్న పంది అక్కడికెల్లేసరికి ఏనుగంతయ్యింది.

సోంబరు మాత్రం ఆపలేడు. కత అయిపోతే మాంసం సూపించాల. అందుకని పంది పరిగెడతానే ఉంది, ఆడు సెప్తానే ఉన్నాడు.

ఆఖరికి రత్న అంది. "మావా, పంది సచ్చిందా?"

"నేదు."

"అసలు కనపడిందా?"

సోంబరు బండ మీద నిలబడి కాలి బొటనేలు సూసుకున్నాడు.

"నేదు రత్నా. సీమ కూడా కనపడనేదు."

రత్న కుండెత్తుకోని గెడ్డలోకి దిగింది. మోకాల్లోతు నీళ్ళు దాటి బండ కాడికొచ్చింది. ఎండిపోయిన పేడలో దోసిడితో గెడ్డనీళ్ళు పోసి కలిపింది. మొగుడు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఏలు ముంచి, ఆడి నుదుటి మీద ఒక్క సుక్క పెట్టింది.

"పందెం సెప్పినప్పుడు నుదురు కడుక్కో. కత సెప్పినప్పుడు ఇది పెట్టుకో. ఏది ఏదో మాకు తెలవాల."

కుండలో మిగిలింది బుధు నెత్తి మీద దిమ్మరించింది. తిరిగి మొగుడికేసి సూసి, "మరి ఆ పందేటయిందో సెప్పు" అంది. ముఠాదారు తువ్వాలు తీసి మడతెట్టుకోని, ఆడోళ్ళ మజ్జిన జాగా సూసుకోని కూకున్నాడు.

అక్కణ్నించి మూడేళ్ళు ఆ పంది సావనేదు. వారం వారం సంతలో సోంబరు సుక్క పెట్టుకోని అక్కడి బండ మీదికెక్కడం, తాతారావు రాసుకోడం, పట్నంలో అచ్చు. ఆ అచ్చు ముక్కలన్నీ కుట్టి పుస్తకం కూడా ఏసేరు. మాడుగుల్లో ఒకాయన అది తల కింద పెట్టుకోని పడుకుంటే రెండు నెల్లు పంది గుర్రు ఇనపడిందట. కొండల మీద ఊరూరా బారికోళ్ళు సంతరోజున చెవులు రిక్కించుకోని నిలబడేవోరు, ఎక్కడ మాట తప్పిపోద్దోనని. పందెం సెప్పాల్సొస్తే సోంబరు ముందు సెంబుడు నీళ్ళతో నుదురు రుద్దుకునేవోడు. తడి నుదురు సూత్తే సాలు, తగువులాడుకునేవోళ్ళు నోరు మూసుకునేవోరు.

ఓ సంతలో తాతారావు అన్నాడు. "సోంబరూ, మద్రాసులో ఓ పెట్టె ఎట్టేరట. ఒకడు అందులో మాటాడితే ఊరంతా ఇనపడతాదట."

"పెట్టెందుకు సావుకారా? ఆళ్ళకి బండ నేదేటి?"

ఇరవైతొమ్మిదిలో ఆ పత్రిక అచ్చేసే ఆయనే ఎడ్లబండి మీద కొంతా, కాలినడకన కొంతా పడి, కొండెక్కి వొచ్చేడు. సోంబరు జీవితం రాత్తానన్నాడు. ఏట సంగతి, పంది సంగతి, రత్న పెట్టిన సుక్క, సంతలో పులి, తాను ఇని రాసుకున్నదంతా సదివి ఇనిపించి, "ఇదంతా నిజమేనా?" అనడిగేడు.

సోంబరు లోపలికి కేకేసేడు. రత్న పేడకుండట్టుకొచ్చింది. ఆడు ఏలు ముంచి నుదుటి మీద నిదానంగా సుక్క పెట్టుకున్నాడు. మఠమేసుకోని కూకున్నాడు.

"అంతా అబద్ధం బాబూ. నాను డోలు కొట్టుకునే బారికోణ్ని. ఆ ఏడు ఏటకే ఎల్లనేదు, బండెక్కనేదు, ఏ పందీ నేదు. పులి సంతకి రానేనేదు. ఇదిగో, ఈ రత్న నాకెప్పుడూ పేడసుక్క పెట్టనేదు. కావాలంటే సంతలో ఎవుణ్నైనా అడగండి. సోంబరు అబద్ధమాడడని సెప్తారు."