గ్రూపుల పెట్టిన గదా

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకు లేదు. ఒక మనిషి నన్ను నలభై మంది ముందు నిలబెట్టి అన్న మాటను నాలుగేళ్ళు మనసులో పెట్టుకుని తిరిగాను. అదును చూసి అతని మాట అతనికే అప్పజెప్పాను. ఆ సంగతే చెబుతున్నాను.

అప్పుడు నేను కామారెడ్డిలో ఒక విత్తనాల కంపెనీకి ఫీల్డ్ అసిస్టెంటును. స్కూటీ మీద ఎల్లారెడ్డి, లింగంపేట, మహమ్మద్‌నగర్ వైపు చేలన్నీ నేనే చూసేదాన్ని. మక్కజొన్న విత్తనం పండించే చేలో ఆడ సాళ్ళు, మగ సాళ్ళు వేరుగా ఉంటాయి. ఆడ సాళ్ళకు తల మీద వచ్చే పూతను విచ్చుకోకముందే పీకేయాలి. ఆలస్యమైతే ఆ పంట విత్తనానికి పనికిరాదు. పీకే రోజు మేనేజర్ చెప్పాలి, కూలీలను నేను పంపాలి, అప్పటిదాకా రైతు చెయ్యి పెట్టకూడదు. కంపెనీ పద్ధతి అది.

మహమ్మద్‌నగర్ దగ్గర మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆ ఏడు రెండెకరాలు కంపెనీకి పెట్టాడు. ఒప్పించింది నేనే. నిన్ను చూసే పెడుతున్న బిడ్డా అన్నాడు.

మా మేనేజర్‌కు ఫోన్ చేసే అలవాటు లేదు. ఏదైనా సరే వాట్సాప్ గ్రూపులో పడేసేవాడు. తిరిగి అడిగితే కసిరేవాడు. ఆ వారం ఎండలకు పూత ముందే వచ్చేస్తున్నదని, బుధవారం దాకా ఆగకుండా సోమవారమే పీకించమని గ్రూపులో పెట్టాడట. దాని మీద గుడ్ మార్నింగ్ పూలు, ఎవరిదో పుట్టినరోజు కేకు, ముప్పై మంది శుభాకాంక్షలు వచ్చి పడ్డాయి. నేను చూసేసరికి మంగళవారం సాయంత్రమైంది. అప్పటికే పెద్దబాపు చేను విచ్చుకుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు పనికిరాదని రాసుకుని వెళ్ళిపోయారు.

శనివారం మీటింగులో మేనేజర్ నన్ను లేపి నిలబెట్టాడు. ఒక్క ఫోన్ చేసి ఉంటే అయిపోయేది కదా సార్ అన్నాను. నవ్వాడు. అందరికీ వినబడేలా అన్నాడు.

"గ్రూపుల పెట్టిన గదా. చెప్పుడు నా పని, వినుడు నీ పని. చేతగాకపోతే బీడీలు చుట్టుకో పో."

నా తల కొట్టేసినట్టయింది. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. నీ నోట్లె మన్ను పడ అని లోపల్లోపల తిట్టుకుని కూర్చున్నాను.

పెద్దబాపు మాత్రం నన్ను పల్లెత్తు మాట అనలేదు. గట్టు మీద కూర్చుని, తన చిన్నప్పుడు ఊళ్ళో చాటింపు వేసే ఆయన సంగతి చెప్పాడు. ఆయన డప్పు కొట్టి, మాట చెప్పేసి, తన దారిన పోయేవాడు కాదట. ప్రతి గల్లీలోనూ ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చి విన్నామని చెప్పేదాకా నిలబడేవాడట. ఎవరూ రాకపోతే మళ్ళీ డప్పు కొట్టేవాడట.

"ఇన్నం అనిపించుకుంటెనే చెప్పినట్టు బిడ్డా," అన్నాడు పెద్దబాపు.

ఆ మాట పట్టుకునే నేను పైకొచ్చాను. గ్రూపులో పెట్టినా సరే, ఫోన్ చేసి, నేనేం చెప్పానో వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకునేదాన్ని. మేడంకు చాదస్తమని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ! నా కింద ఒక్క చేను కూడా పాడు కాలేదు. నాలుగేళ్ళకు మేనేజర్ కుర్చీ నాకొచ్చింది. అతను ఉద్యోగం మానేసి ఎల్లారెడ్డిలో విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మా కంపెనీ డీలరు అతనొక్కడే. అంటే నా గ్రూపులో అతనూ ఒకడు. ఆ లిస్టులో అతని నంబరు చూసినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పోయిన వానాకాలానికి ముందు ఒక రకం మక్క విత్తనానికి విపరీతంగా గిరాకీ వచ్చింది. ఎన్ని సంచులు కావాలో శుక్రవారం సాయంత్రంలోగా రాసి పంపిన డీలర్లకే సరుకు అని గ్రూపులో పెట్టాను. తర్వాత నా అలవాటు ప్రకారం అందరికీ ఫోన్లు చేశాను. ఒక్కడికి తప్ప. గ్రూపులో పెట్టడమే గానీ చదవడం అతనికి ఏనాడూ లేదని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? శుక్రవారం సాయంత్రం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అతని దగ్గర్నుంచి ఏమీ రాలేదు.

వానలు పడగానే పరుగెత్తుకొచ్చాడు. రైతులు దుకాణం ముందు నుంచి కదలడం లేదని, ఒక్క ఫోన్ చేసి ఉంటే అయిపోయేది కదమ్మా అని బతిమాలాడు. ఆఫీసులో అందరూ ఉన్నారు. కావాలనే లేచి నిలబడ్డాను.

"గ్రూపుల పెట్టిన గదా సార్. చెప్పుడు నా పని, వినుడు మీ పని."

అతని ముఖం మాడిపోయింది. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ. నా కడుపు చల్లబడింది. ఆ మధ్యాహ్నం అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

సాయంత్రం సంతోషం పట్టలేక పెద్దబాపుకు ఫోన్ చేశాను. మన చేను పాడు చేసినవాడికి ఎట్లా బుద్ధి చెప్పానో మొదట్నుంచీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన వెనక ఆటోల చప్పుడు, ఎవరో గొడవ పడుతున్న గొంతులు. ఎక్కడున్నావని అడిగాను.

"గా దుకాణం ముంగటనే ఉన్న బిడ్డా. పొద్దుగాల సంది ఉన్న. చేను దున్ని పెట్టిన, వాన వడ్డది. ఇత్తనాలు రాలేదంటున్నడు."

కామారెడ్డిలో డీలర్లను అడిగి చూస్తానన్నాను. ఎవరి దగ్గరా ఒక్క సంచి మిగల్లేదని నాకు తెలుసు. పంచింది నేనే. ఆ మనిషికి చేసినదానికి నాకిప్పటికీ చింత లేదు. కానీ అతని దుకాణం ముందు ఎవరు నిలబడతారో ఒక్క క్షణం ఆలోచించలేదు.

"ఆయన మీద పగ తీర్చుకున్నవు, మంచిదే," అన్నాడు పెద్దబాపు. "మరి నాకైన ఒక్క ఫోన్ చెయ్యకపోతివి?"

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. లైను కట్ అయిందనుకున్నట్టున్నాడు.

"ఇన్నవా బిడ్డా?"

"ఇన్న, పెద్దబాపు," అన్నాను.