ముందు ప్రశ్న, తర్వాతే పట్టిక

రొట్టెలక్క రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, బేకరీలో ఆర్డర్ల బోర్డు చూసి పనిలో దిగేది. సూపర్‌వైజరు పరీక్షలో మాత్రం పట్టికల్లోని అంకెలన్నీ వరసగా చదువుతూ కూర్చుని, టైము చాలక రెండుసార్లు తప్పింది.

"ఈసారీ అంతే వదినా," అంది దిగులుగా.

కేకులకు క్రీము పూస్తున్న వదిన నవ్వింది. "బన్నులెన్నని అడిగితే బోర్డంతా చదువుతావా?"

"ఎందుకూ? బన్నుల వరసే చూస్తా. పైన ట్రేలని రాశారో, డజన్లని రాశారో చూసుకుంటా."

"మరి పరీక్షలో ఆ తెలివిని ఏ పొయ్యిలో పెడుతున్నావే తల్లీ?"

మూడోసారి రొట్టెలక్క ముందు ప్రశ్న చదివి, తర్వాతే పట్టిక చూసింది. ఇంకా ఐదు నిమిషాలు మిగిలాయి. సూపర్‌వైజరు ఉద్యోగమూ వచ్చింది.

కొత్త కుర్చీలో కూర్చున్న రోజే రొట్టెలక్క, వదిన చెయ్యి పట్టుకుని అంది. "నాకో సాయం చెయ్యి. వచ్చే ఏడు నువ్వూ ఈ పరీక్ష రాయి."